అపరిచితుడిగా ఉండే హక్కు

మన నేలమీద ఇద్దరు అపరిచితులు పక్కపక్కన కూర్చుంటే మౌనం ఎక్కువసేపు నిలవదు. కర్నూలు బస్టాండులోనైనా, ఎర్రగుంట్ల రైల్వే ప్లాట్‌ఫారం మీదైనా, ఆదోని పత్తి మార్కెట్ యార్డులోనైనా మొదటి ప్రశ్న ఒక్కటే: "యా ఊరు మీది?" ఆ ఊరు తెలిసినవారైతే రెండో ప్రశ్న వేస్తారు: "ఊర్లో ఇల్లు యాడ?" మూడోది "ఎవరి పిల్లోళ్లు?" నాలుగోది ఇంటిపేరు. ఈ నాలుగింటితోనూ పని జరగకపోతే అయిదోది నోరు తెరిచి అడుగుతారు: "మీరు ఏమిటోళ్లు?" చాలాసార్లు అయిదో ప్రశ్న దాకా రావలసిన అవసరమే ఉండదు. ఇల్లు గుడి దగ్గరా చర్చి దగ్గరా, పేరు చివర ఏముంది, ఏమీ లేకపోతే ఎందుకు లేదు - ఇవన్నీ జవాబులే.

అడిగేవారిలో దుర్మార్గులు తక్కువ. ఎక్కువమంది పొద్దుపోక అడుగుతారు, కొందరు ఆప్యాయంగానే అడుగుతారు. అయితే ఆ ప్రశ్న ఎప్పుడు వస్తుందా అని లోలోపల కాచుకుని కూర్చునే ప్రయాణికుడు ఒకడు, అలాంటి ప్రశ్న ఒకటి ఉందన్న ధ్యాసే లేకుండా కిటికీలోంచి పొలాలు చూసుకునే ప్రయాణికుడు మరొకడు. ఒకే టికెట్టు కొని ఒకే సీటులో కూర్చున్న ఆ ఇద్దరి మధ్య ఉన్న తేడా గురించే నేను చెప్పదలచుకున్నది. దాడులుగా, కేసులుగా, గణాంకాలుగా కులం గురించి చాలా రాసుకున్నాం. రెండు నిమిషాల పరిచయంలో అది ఎలా పనిచేస్తుందో రాసుకున్నది తక్కువ.

తెలుగు భాషకు ఒక మంచి గుణం ఉంది. ముక్కూమొహం తెలియని మనిషిని కూడా మనం వరుసపెట్టి పిలుస్తాం. అన్నా, అక్కా, అవ్వా, మామా, పెద్దాయనా అంటాం. ఒక్క పిలుపుతో పరాయివాణ్ణి చుట్టాన్ని చేసుకుంటాం. కానీ ఈ చుట్టరికానికి గడువు ఉంది. కులం తెలిసిన తర్వాత వాక్యం చివర క్రియ ఎలా మారుతుందో గమనించండి. 'కూర్చోండి' కాస్తా 'కూర్చో' అవుతుంది. 'యాడికి పోతాండారు' అన్నది 'యాడికి పోతాండావు'గా కురుచనవుతుంది. మా నాయనకు అరవై దాటినా ఊళ్లో పదహారేళ్ల పిల్లవాడు ఆయన్ను 'ఒరే' అనే పిలిచేవాడు. అదే నాయన కర్నూలు పెద్దాసుపత్రికి వస్తే, చీటీల వరుసలో నిలబడిన తెలియనివాళ్లు 'పెద్దాయనా, ముందుకు రాండి' అనేవారు. ఊరికి తిరిగి వెళ్లాక ఆయన చెప్పుకునే కబుర్లలో జబ్బు సంగతి కన్నా ఆ పిలుపు సంగతే ఎక్కువగా ఉండేది. తెలిసినవాళ్ల నడుమ ఎన్నడూ దొరకని పెద్దరికం ఆయనకు తెలియనివాళ్ల నడుమ దొరికింది. మా వాడల్లో పుట్టినవారికి పట్నం మీద ఉండే మోజులో సినిమాహాళ్ల వాటా కొంతే. అక్కడ మనల్ని ఎవరూ ఎరగరన్నదే అసలు మోజు.

ఆ ఎరగకపోవడం ఎంతసేపు నిలుస్తుందన్నదే ప్రశ్న. నేను కర్నూలులో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు తరచూ బస్సులో వెళుతుంటాను. దారి సుమారు 200 కిలోమీటర్లు. ఒకసారి ఆళ్లగడ్డలో ఎక్కిన ఒక పెద్ద వయసు రైతు నా పక్కన కూర్చున్నాడు. పొట్లం విప్పి ఉడకబెట్టిన శనక్కాయలు నా వైపు జరిపాడు. రాని వాన గురించి, కేసీ కాలువ నీళ్ల గురించి, హైదరాబాదులో కొడుకు చేసే ఉద్యోగం గురించి చెప్పుకొచ్చాడు. నేను చేసే పని తెలిశాక 'సారూ' అనడం మొదలుపెట్టాడు. చాగలమర్రి దాటాక ఊరు అడిగాడు. ఆ ఊళ్లో ఆయనకు బంధువులున్నారు. ఇల్లు ఎక్కడని అడిగాడు. చెప్పాను. ఆయన మొహం చిట్లించలేదు, సీటు మారలేదు, పొట్లం వెనక్కి లాక్కోలేదు. అప్పటిదాకా ఇద్దరి చేతులూ పడుతున్న పొట్లంలో ఆయన చెయ్యి మాత్రం మళ్లీ పడలేదు. కాసేపటికి "తిను, తిను, అన్నీ నువ్వే తిను" అన్నాడు. మరికాసేపటికి, నేనేమీ అనకుండానే, "ఏ కులమైతే ఏముందిలే, అందరం మనుషులమే గదా" అన్నాడు.

ఆ మాట ఆయన మంచితనంతోనే అన్నాడు. నేనూ తల ఊపాను. కానీ తనకు సమానుడని అనుకున్నవాడితో ఎవరూ ఆ మాట అనరు. ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి దాకా ఆయన దృష్టిలో నేను మనిషినా కాదా అన్న ప్రస్తావనే రాలేదు. జవాబు విన్న తర్వాతే నాకు ఆ ధ్రువపత్రం ఇవ్వవలసి వచ్చింది. ఇలాంటి వేళల్లో కలిగే భావాన్ని కోపం అనలేం. మొదట లోపల ఒక లెక్క మొదలవుతుంది. అప్పటిదాకా నడిచిన మాటలన్నీ వెనక్కి వెళ్లి అర్థం మార్చుకుంటాయి. శనక్కాయలు ఎవరికి పెట్టాడు? 'సారూ' అని ఎవరిని పిలిచాడు? ఆ తర్వాత, ఇంతకన్నా ఘోరంగా ఏమీ జరగలేదు కదా అన్న ఊరట కలుగుతుంది. ఒక మనిషి తోటి ప్రయాణికుడి నుంచి అవమానం కొంచెంగా వచ్చినందుకు ఊరట పడవలసి రావడం ఎంత పెద్ద అవమానమో మైదుకూరు వచ్చేసరికి గానీ తెలియదు.

ఈ అనుభవం కొత్తది కాదు. దీన్ని అందరికన్నా స్పష్టంగా నమోదు చేసినవాడు అంబేడ్కర్. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' పేరుతో వెలువడిన స్వీయానుభవాల్లో ఆయన 1901 నాటి ప్రయాణం ఒకటి చెప్పాడు. తొమ్మిది, పదేళ్ల వయసులో అన్నతోనూ అక్క పిల్లలతోనూ కలిసి తండ్రి ఉద్యోగం చేసే కోరేగావ్‌కు బయలుదేరి మసూర్ స్టేషన్‌లో దిగాడు. పిల్లలు మంచి బట్టలు వేసుకున్నారు. వాళ్లను తీసుకుపోవలసిన మనిషి రాలేదు. స్టేషన్ మాస్టర్ దగ్గరకు వచ్చి ప్రేమగా విచారించాడు. మీరు ఎవరని అడిగాడు. మహర్లమని పిల్లవాడు చెప్పగానే ఆ పెద్దమనిషి ముఖం మారిపోయింది, వెనక్కి తగ్గాడు. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాళ్లు రాలేదు. చివరికి బండిని పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడవాలి అన్న ఒప్పందం మీద ప్రయాణం సాగింది. దారిలో తినడానికి తిండి ఉంది గానీ తాగడానికి నీళ్లు దొరకలేదు. విదేశాల్లో చదువుకుని 1917లో బరోడాకు ఉద్యోగానికి వచ్చినప్పుడు కూడా ఆయన ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకోవలసి వచ్చింది. సంగతి తెలిసి కర్రలతో వచ్చినవారు ఆయన్ను అక్కడి నుంచి వెళ్లగొట్టారు.

మసూర్ ఘట్టంలో నన్ను ఎప్పుడూ పట్టి నిలిపేది బండివాళ్ల నిరాకరణ కన్నా స్టేషన్ మాస్టర్ తొలి ప్రేమ. ఆయన నిజంగానే దయగలవాడు. లేకపోతే బెంచీ మీద కూర్చున్న పిల్లల దగ్గరకు వచ్చేవాడే కాదు. కులం దుర్మార్గుల చేతిలో ఆయుధం మాత్రమే అయితే దాన్ని ఎదుర్కోవడం తేలిక. మంచివాడి మంచితనాన్ని కూడా అది సగంలో తెంపగలదు. బస్సులో నా పక్కన కూర్చున్న రైతు కూడా మంచివాడే.

రాయలసీమ ఎండలు ఎరిగినవారికి ఇక్కడ అపరిచితుల మధ్య మొదటి సంబంధం నీళ్లతోనే మొదలవుతుందని తెలుసు. ఎండాకాలం బాటసారి ఏ ఇంటి ముందు ఆగినా మంచినీళ్లు అడుగుతాడు. మా తాతల కాలంలో ఆ నీళ్లు దోసిట్లోకి ఎత్తి పోసేవారు. మా నాయన కాలంలో టీ హోటల్లో రెండు రకాల గ్లాసులుండేవి. మావాళ్లు తాగిన గ్లాసు మావాళ్లే కడిగి పక్కన బోర్లించాలి. హోటల్ లోపల బెంచీ మీద ఒకరు, బయట కడప బండ మీద ఒకరు కూర్చోవాలి. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు అందరివీ అని చెప్పింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976 సవరణతో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారింది. ఇవన్నీ ఉండగానే రెండు గ్లాసులు చాలాకాలం నడిచాయి. ఇప్పుడు చాలాచోట్ల కనిపించడం లేదు. అందుకు మా పోరాటాలు కారణం, చట్టాలు కారణం. వాటితో పాటు వాడి పారేసే కాగితపు కప్పు కూడా కారణమని చెప్పక తప్పదు. అందరికీ ఒకే కప్పు వచ్చింది నిజమే. ఒకరు తాగిన కప్పులో మరొకరు తాగవలసిన పని కూడా అదే కప్పుతో తప్పిపోయింది. సమానత్వం వచ్చిందనుకున్న చోట కొన్నిసార్లు వచ్చింది ఒక సదుపాయం మాత్రమే.

ఆ సదుపాయం లేని చోట పాత లెక్క యథాతథంగా బయటపడుతుంది. అద్దె ఇల్లు అలాంటి చోటు. ఇంటి యజమాని, అద్దెకు వచ్చినవాడు ఇద్దరూ అపరిచితులే. కర్నూలులో ఇల్లు వెతుక్కుంటూ నేనూ నా భార్యా ఎక్కిన గడపలు చాలా ఉన్నాయి. ఒక ఇంట్లో గదులు చూపించి, నీళ్లు ఏ వేళకు వస్తాయో చెప్పి, బండి ఎక్కడ పెట్టుకోవాలో కూడా నిర్ణయించాక యజమానురాలు అడిగింది: "మీరు ఆదివారం గుడికి పోతారా, చర్చికి పోతారా?" మరొకచోట అడిగిన ప్రశ్న మాంసం గురించి. తినడం గురించి కాదు, ఏది తింటారన్నది. మరునాడు ఫోన్ చేస్తే ఇద్దరిదీ ఒకే జవాబు: తమ బంధువులే దిగుతున్నారట. నివాసం ఏర్పరచుకోకుండా అంటరానితనం పేరిట అడ్డుకోవడం 1955 చట్టం ప్రకారం నేరమే. కానీ రాని బంధువుల మీద ఏ పోలీస్‌స్టేషన్లో ఫిర్యాదు చేయగలం? ఇది ఒక్క కర్నూలు జబ్బు కాదు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో అద్దె ఇళ్ల కోసం వెతికే దళితులూ ముస్లింలూ ఎలా తిరస్కరణకు గురవుతున్నారో సుఖదేవ్ థోరట్ బృందం 2015లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో చూపించింది. కర్నూలుకు సంబంధించి మాత్రం ఒక సంగతి గుర్తుచేయాలి. ఈ పట్టణం పక్కనున్న పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన. రాష్ట్రాన్ని ఏలే అర్హత అరవై ఏళ్ల కిందటే నిరూపణ అయిన చోట, రెండు గదులూ ఒక వంటిల్లూ అద్దెకు తీసుకునే అర్హత ఇంకా ఇంటింటికీ నిరూపించుకోవలసి వస్తున్నది.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. అదే ప్రశ్నకు అనుకున్న జవాబు వస్తే ఏమవుతుంది? "అట్టనా! మనోళ్లే!" అన్న కేక వినిపిస్తుంది. సీటు జరుగుతుంది, సంచి ఒళ్లోకి పోతుంది, ఫోన్ నంబర్లు మారతాయి, పెళ్లీడు పిల్లల ప్రస్తావన వస్తుంది. చూడముచ్చటగా ఉండే ఈ ఆప్యాయత కూడా ఆ ప్రశ్నలోంచే పుట్టింది. ఒకరికి దగ్గరగా జరగడానికీ మరొకరికి దూరంగా జరగడానికీ కొలబద్ద ఒకటే. ఈ రోగం మాకు అంటలేదని నేను చెప్పను. మా వాడల నుంచి వచ్చిన ఇద్దరు హాస్టల్ విద్యార్థులు కలిస్తే మాలా, మాదిగా అన్నది తేల్చుకునే దాకా మాటల్లో ఒక జాగ్రత్త నడుస్తుంది. కులం మెట్ల మీద మెట్లుగా కట్టిన అసమానత అని అంబేడ్కర్ చెప్పింది ఇదే. ప్రతి మెట్టు మీదివాడూ కింది మెట్టుకేసి చూసి అదే ప్రశ్న వేస్తాడు.

ఊరన్నాక ఒకరినొకరు తెలుసుకోవద్దా, ఎవరేమిటో అడగడం కూడా తప్పేనా అని కొందరు మిత్రులు వాదిస్తారు. సీమలో ఫ్యాక్షన్ రోజుల్లో ఊళ్లోకి దిగిన కొత్త మనిషి ఎవరి తాలూకో తెలుసుకోవడం ప్రాణాలకు సంబంధించిన విషయమని గుర్తుచేస్తారు. భయంతో అడిగిన ప్రశ్నకు కారణం నాకు తెలుసు. ఆ రోజుల్లో బస్సు దిగిన అపరిచితుణ్ణి అరుగుల మీద నుంచి ఎన్ని కళ్లు వెంబడించేవో మా తరం చూసింది. కానీ ఆ భయం సంగతి ఎత్తేవారు ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఎవరివైపు మనిషి అని అడిగి తెలుసుకునే అలవాటు ఫ్యాక్షన్‌తో పుట్టలేదు. ఏ వాడ మనిషి అని అడిగే పాత అలవాటు మీదే అది నిలబడింది. ఇవాళ ఆ భయం చాలావరకు తగ్గింది. ప్రశ్న మాత్రం తగ్గలేదు, కొత్త దారులు పట్టింది. మోటారు సైకిల్ నంబరు పలక మీద, వాట్సాప్ బొమ్మలో, అభిమాన నటుడి ఫ్లెక్సీ కింద అడగకముందే జవాబు రాసి ఉంటున్నది. కొట్లో ఫోన్‌పే చేస్తే తెర మీద పేరు పడుతుంది. ఆ పేరు చదివే కళ్లు చివర ఏదో వెతుక్కుంటాయి.

ఊరు వదిలిపోతే ఇది వదులుతుందా? కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం వైపు నుంచి ఏటా వేల కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు, ఇతర జిల్లాల్లో పత్తితీతకు పిల్లాజెల్లాతో బండెక్కుతాయి. వాళ్లకు అక్కడి రైతులు అపరిచితులు. కొత్త ఊళ్లో గుడిసె ఎక్కడ వేసుకోవాలి, నీళ్లు ఏ బోరు దగ్గర పట్టుకోవాలి అన్నది తేలే ముందు మళ్లీ ఆ మాట వస్తుంది. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పోయినవారు ఇంకా దూరం పోయారు. అక్కడ తొమ్మిదేళ్లు కారు నడిపి వచ్చిన మా బంధువు ఒకరు చెప్పిన మాట మరచిపోలేను: "సేటు నా పాస్‌పోర్టు అడిగినాడు, లైసెన్సు అడిగినాడు. కులం అడిగింది మన తెలుగోళ్ల రూములోనే." ఇంకా ముందుకు పోతే అమెరికా. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర పాలకమండలి కుల వివక్షను నిషేధిస్తూ తీర్మానించింది. ఆ దేశంలో అలా చేసిన తొలి నగరం అదే. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పెద్దసంఖ్యలో ఉన్న నగరంలో ఇలాంటి చట్టం అవసరమైందంటే, సామాన్లతో పాటు మనం ఏమి మోసుకుపోతున్నామో ఆలోచించుకోవాలి.

దీనికి భిన్నమైన జ్ఞాపకం ఈ నేలకు లేకపోలేదు. పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెకు ఒంటరి బాటసారిగా వచ్చి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంటి అరుగు మీద పడుకున్నాడని, ఆమె ఆవులు కాసే పని ఇచ్చిందని ఇక్కడి జనం చెప్పుకుంటారు. ఆ తర్వాత కందిమల్లాయపల్లెలో ఆయన చుట్టూ చేరినవారిలో దూదేకుల ఇంటి సిద్దయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు. ఈ కథలో చరిత్ర ఎంత, భక్తి ఎంత అన్నది పండితులు తేల్చుకోవచ్చు. నాకు ముఖ్యమనిపించేది జనం ఆ కథను మూడు వందల ఏళ్లకు పైగా అట్టిపెట్టుకోవడం. అరుగు మీద కనబడిన అపరిచితుణ్ణి పనిని బట్టి, నడతను బట్టి తెలుసుకోవచ్చన్న ఆశ ఈ ప్రాంతపు మనసులో ఎక్కడో ఉంది. బ్రహ్మంగారి మఠానికి ఏటా వెళ్లివచ్చేవారు ఇంటికి 'టు లెట్' బోర్డు కట్టేటప్పుడు ఆ కథ ఎందుకు గుర్తుచేసుకోరన్నదే నా ప్రశ్న.

మా విద్యార్థులు కొందరు నన్ను ఒక సలహా అడుగుతుంటారు. ఊరు పేరు మార్చి చెబితే తప్పా? ఇంటిపేరు దాచుకుంటే తప్పా? వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. బరోడాలో అంబేడ్కర్ కూడా మారుపేరుతో తలదాచుకోవలసి వచ్చింది. కానీ దాచుకున్నవాడు హాయిగా ఉండలేడు. ప్రతి పలకరింపులోనూ ఏ ప్రశ్న వస్తుందో, ఎవరు గుర్తుపడతారో అన్న కాపలా అతన్ని తినేస్తుంది. చదువుకోవలసిన వయసులో మెదడులో సగం ఆ కాపలాకే పోతుంది. చెప్పుకుని తలెత్తి నిలబడటం గొప్ప విషయమే. అయితే ధైర్యం చూపే బాధ్యత ఎల్లప్పుడూ జవాబు చెప్పేవాడి మీదే ఎందుకు పడాలి? మార్పు మొదలుకావలసింది అడిగేవాడి నోటి దగ్గర. కులం తెలియకుండా ఒక మనిషితో రెండు గంటలు మాట్లాడలేనివాడు తనకు ఏమి లోపించిందో తనను తాను అడగాలి.

రాజ్యాంగ పీఠికలో స్వేచ్ఛ, సమానత్వం పక్కన సౌభ్రాతృత్వం అన్న మాట ఉంది. మొదటి రెండింటి కోసం కోర్టుకు పోవచ్చు. మూడోదాన్ని ఏ కోర్టూ తెచ్చి ఇవ్వలేదు. అన్నదమ్ముల మధ్య, కులంవాళ్ల మధ్య ఉండే ప్రేమకు రాజ్యాంగం అక్కర్లేదు, అది ఎలాగూ ఉంటుంది. ఆ మాట రాసింది ఒకరినొకరు ఎరగనివారి కోసం. బస్సులో పక్క సీటువాడి కోసం, ఇల్లు అడగవచ్చినవాడి కోసం, ఎండలో నీళ్లు అడిగినవాడి కోసం. కరువు నేలలో అపరిచితుణ్ణి పలకరించడానికి మాటలకు కరువు లేదు. మీ పక్క వాన పడిందా, శనక్కాయ ఎంత దిగింది, బోరులో నీళ్లున్నాయా, పిల్లలు ఏం చదువుతున్నారు - ఇవన్నీ మన ప్రశ్నలే, ఎవరి కడుపూ కోయని ప్రశ్నలు. మిగిలిన ఆ ఒక్క ప్రశ్నను మానుకుంటే చాలు, మా నాయన లాంటివాళ్లు పెద్దాయనలు కావడానికి పెద్దాసుపత్రి దాకా పోనక్కరలేదు.